గుండ్లకమ్మ, దాని పరీవాహకం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుండ్లకమ్మ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది? కృష్ణకు ఉపనదా, పెన్నకు ఉపనదా?

రెండింటికీ కాదు. గుండ్లకమ్మ నేరుగా సముద్రానికి పోయే నది. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, అడవి వాగులను కలుపుకుంటూ దిగుతుంది. కంభం దగ్గర కొండల సందులోంచి మైదానంలోకి వస్తుంది. అక్కడి నుంచి ఈశాన్యంగా మార్కాపురం ప్రాంతం మీదుగా వినుకొండ వైపు సాగుతుంది. తర్వాత ఆగ్నేయానికి మళ్లి అద్దంకి పక్కగా, మద్దిపాడు మండలం మీదుగా వెళ్లి, ఒంగోలుకు ఈశాన్యాన బంగాళాఖాతంలో కలుస్తుంది. పొడవు సుమారు 220 కిలోమీటర్లు. పుట్టిన చోటికీ కలిసిన చోటికీ నేరుగా తాడు పట్టినట్టు కొలిస్తే 150 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. మిగతాదంతా ఆ పెద్ద వంపు, చిన్న చిన్న మెలికలే. పాత శాసనాల్లో దీన్ని బ్రహ్మకుండి అన్నారు.

పరీవాహకం అంటే నదికి ఇరువైపులా ఇన్ని కిలోమీటర్లు అని లెక్కా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఏ నేల మీద పడిన చినుకు చివరికి గుండ్లకమ్మలోకి చేరుతుందో ఆ నేలంతా గుండ్లకమ్మ పరీవాహకం. ఒకచోట నది ఒడ్డుకు కిలోమీటరు దూరంలోనే గట్టు (నీళ్లను రెండు నదులకు విడదీసే మిట్ట) రావచ్చు, మరోచోట ముప్ఫై కిలోమీటర్ల అవతల కొండ మీద రావచ్చు. దూరంతో పని లేదు, వాలుతోనే పని.

నల్లమల శిఖరం మీద దీన్ని తేలిగ్గా చూడొచ్చు. శిఖరానికి పడమర పడిన వాన కుందూ నదికి, దాని ద్వారా పెన్నకు పోతుంది. ఉత్తరాన శ్రీశైలం వైపు పడినది కృష్ణకు. తూర్పున కంభం వైపు పడినది గుండ్లకమ్మకు. నల్లమలకూ వెలికొండలకూ మధ్య ఉన్న కంభం లోయలో ఇంకో విశేషం ఉంది. లోయ ఒకటే, నీళ్లు మాత్రం రెండు దిక్కులకు పోతాయి. కంభం వైపు వాన గుండ్లకమ్మలో చేరి ఉత్తరానికి నడుస్తుంది, గిద్దలూరు వైపు వాన సగిలేరులో చేరి దక్షిణాన పెన్నకు పోతుంది. రెంటినీ విడదీసే మిట్ట రోడ్డు మీద పోయేవాళ్ల కంటికి ఆనదు. గట్టు అంటే కొండే కానక్కర్లేదు, జొన్న చేలో జానెడు ఎత్తు మిట్ట కూడా రెండు నదులను విడదీయగలదు.

వంక, వాగు, ఏరు: ఈ పేర్లకు కొలత ఉందా?

గీత గీసినట్టు లేదు. వాన పడిన గంటల్లో పారి ఆగిపోయేది వంక, వానాకాలమంతా పారేది వాగు, ఇంకా పెద్దదైతే ఏరు అని వాడుక. ఊరు మారితే పేరూ మారుతుంది. కొలవాలంటే పాయల తరగతి వాడండి. పైన ఏ పాయా కలవని మొదటి వంక 1వ తరగతి. రెండు 1వ తరగతి వంకలు కలిస్తే 2వ తరగతి, రెండు 2వ తరగతివి కలిస్తే 3. రెండో తరగతి వాగులో ఒకటో తరగతి వంక కలిస్తే తరగతి పెరగదు, లెక్క తప్పేది అక్కడే.

కంభం చెరువును అక్కడే ఎందుకు కట్టారు?

కొండలు ఆ చోటు చూపించాయి. గుండ్లకమ్మ, జంపలేరు తెచ్చిన నీళ్లన్నీ రెండు కొండల మధ్య ఇరుకు సందులోంచే బయటికి పోవాలి. ఆ సందును మూస్తే చాలు, మిగతా గోడల పని కొండలే చేస్తాయి. కట్ట ఎత్తు 57 అడుగులు, పైన పరీవాహకం సుమారు 430 చదరపు మైళ్లు, అంటే 1,100 చదరపు కిలోమీటర్లు అని పాత లెక్కలు చెబుతాయి. అంత నేల నీటిని పట్టడానికి అంత చిన్న కట్ట సరిపోయిందంటే చోటు ఎంచుకున్నవాళ్లకు ఈ కొండలు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. అదే ఏడాది కేసీ (కర్నూలు-కడప) కాలువ, పోరుమామిళ్ల చెరువు కూడా చేరాయి.

ఊళ్లో మంచి వాన పడింది. అయినా చెరువులోకి నీళ్లు రాలేదు. ఎందుకు?

ముందు లెక్క చూద్దాం. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 ఘనపు మీటర్లు, అంటే 10,000 లీటర్లు. కంభం చెరువు పైనున్న 1,100 చదరపు కిలోమీటర్ల మీద ఒకే రోజు 50 మిల్లీమీటర్ల వాన సమంగా పడిందనుకుందాం. పడిన నీరు 5.5 కోట్ల ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపు అడుగులు) సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు కాబట్టి ఇది దాదాపు 1.9 టీఎంసీ.

అదంతా చెరువుకు రాదు. తొలకరిలో నేల ఎండి, పగుళ్లిచ్చి ఉంటుంది. అప్పుడు నూటికి 5 పాళ్లు పారిందనుకుంటే వచ్చేది 0.1 టీఎంసీ మాత్రమే. అదే వాన అక్టోబరులో, నేల అప్పటికే తడిసి ఉన్నప్పుడు పడి, నూటికి 30 పాళ్లు పారితే 0.58 టీఎంసీ. వాన ఒకటే, నీళ్లు ఆరు రెట్లు. అందుకే ఈ నదికి పెద్ద నీళ్లు తరచుగా సెప్టెంబరు నుంచి నవంబరు లోపు, వాయుగుండాలు వరుసగా వచ్చినప్పుడు వస్తాయి. పది రోజుల తేడాలో రెండు వానలు పడితే రెండోదే చెరువు నింపుతుంది.

ఇంకో కారణం, ఊళ్లో పడిన వాన పైన అడవిలో పడి ఉండకపోవచ్చు. ఊరు చెరువుకు దిగువన ఉంటే ఊరి వాన చెరువుకు అసలు లెక్కే కాదు. మూడోది, దారిలోనే ఆగిపోవడం. పైనున్న కుంటలు, చెక్‌డ్యాములు ముందు నిండాలి, ఆ తర్వాతే కిందికి. వాగు పోరంబోకు ఆక్రమణలో పూడిపోయి ఉంటే నీళ్లు చేలల్లో పరుచుకుని అక్కడే ఇంకుతాయి. చెరువులోకి నీళ్లు రాలేదని ఫిర్యాదు చేసే ముందు ఎగువ వాగు వెంట రెండు మూడు కిలోమీటర్లు నడిచి చూడటం మేలు.

మా ఊరి వాగు పరీవాహకాన్ని మేమే గీసుకోవచ్చా?

గీసుకోవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు (ఎత్తుపల్లాలు చూపే పటం), పెన్సిలు, రబ్బరు, గ్రాఫు కాగితం చాలు. ఈ షీట్లలో మామూలుగా 20 మీటర్ల ఎత్తుకొక సమోన్నత రేఖ, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, ఉంటుంది.

మొదట మీ కొలత బిందువు పెట్టుకోండి. చెరువు అలుగో, చప్టానో, చెక్‌డ్యామో ఏదో ఒకటి. ఆ బిందువుకు ఎగువన కలిసే ప్రతి వంక మీదా నీలం గీత దిద్దండి. తర్వాత సమోన్నత రేఖల వంపులు చూడండి. వంపు మొన ఎగువకు చూపిస్తే అది వాగు, దిగువకు ఉబ్బితే అది గట్టు. కొలత బిందువు నుంచి ఒక పక్కగా బయలుదేరి, ప్రతి రేఖనూ నిలువుగా కోస్తూ, ఉబ్బిన మొనల మీదుగా ఎత్తైన చోట్లు కలుపుతూ పోండి. చుట్టూ తిరిగి మళ్లీ అదే బిందువుకు రావాలి. మీ గీత ఎక్కడైనా నీలం గీతను దాటిందంటే తప్పు చేసినట్టే. దాటాల్సిన చోటు ఒక్క కొలత బిందువే.

విస్తీర్ణానికి గీతను గ్రాఫు కాగితం మీదికి దించి సెంటీమీటరు గళ్లు లెక్కపెట్టండి. ఈ స్కేలులో ఒక గడి 0.25 చదరపు కిలోమీటర్లు, అంటే 25 హెక్టార్లు. సగానికి పైగా లోపలున్న గడిని ఒకటిగా తీసుకోండి, సగం లేనిదాన్ని వదిలేయండి.

ఆ తర్వాత నేల మీదికి వెళ్లాలి. 20 మీటర్ల మధ్య ఏముందో కాగితం చెప్పదు. వాన పడుతుండగా అనుమానమున్న మిట్ట మీద నిలబడి నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి. రోడ్డు కట్ట, రైలు కట్ట, కాలువ కట్ట వచ్చాక గట్టు మారిపోయిన చోట్లు చాలా ఉంటాయి. కట్ట కింద తూము ఉంటే నీళ్లు దాటుతాయి, లేకపోతే కట్ట వెంట పక్క వాగుకు పోతాయి.

కంప్యూటర్‌లో గీస్తే పరీవాహకం నాలుగు గళ్లే వచ్చింది. ఏమైంది?

కొలత బిందువు వాగు గడి మీద పడలేదు. క్యూజీఐఎస్ లాంటి పటాల సాఫ్ట్‌వేర్‌లో ఎత్తుల పటం తీసుకుని గుంటలు పూడ్చి, పారే దిక్కు, చేరే నీరు లెక్కగట్టాక, బిందువును ఎక్కువ నీరు చేరే గడి మీదికి జరపాలి. ఒక్కో గడి 30 మీటర్లుండే పటంలో ఒక్క గడి తప్పినా మీరు అడుగుతున్నది వాగు పరీవాహకం కాదు, పక్క చేను పరీవాహకం.

మరో రెండు చోట్ల కూడా తేడా వస్తుంది. నిండిన చెరువు ఉపరితలం చదునుగా కనబడటంతో దాని మీద పాయలు గీటు పెట్టినట్టు తిన్నగా వస్తాయి. సముద్రం దగ్గరి చదును నేలలో గట్టే దొరకదు. మద్దిపాడు దిగువన కంప్యూటరు గీతను నమ్మవద్దు, మురుగు కాలువల వెంట తిరిగి గీసుకోండి.

వాగులో ఎన్ని క్యూసెక్కులు (సెకనుకు ఘనపు అడుగులు) పారుతున్నాయో పరికరం లేకుండా కొలవడం ఎలా?

వంపు లేని, రాళ్లు తక్కువున్న 20 మీటర్ల నిడివి ఎంచుకుని రెండు చివరలా తాడు కట్టండి. వాగుకు అడ్డంగా ప్రతి మీటరుకూ లోతు కొలిచి సగటు తీయండి. తేలేందుకు ఎండు కొబ్బరిచిప్ప వద్దు, గాలికి పరుగెడుతుంది. సగానికి పైగా మునిగే నారింజ లాంటి పండు మంచిది. పై తాడుకు కొంచెం ఎగువనే వదిలి, పై తాడు దగ్గర నుంచి కింది తాడు దాకా సెకన్లు లెక్కపెట్టండి. మధ్యలోనూ రెండు పక్కలా కలిపి కనీసం ఐదుసార్లు చేయండి.

ఉదాహరణకు వెడల్పు 8 మీటర్లు, సగటు లోతు 0.4 మీటరు అయితే అడ్డుకోత 3.2 చదరపు మీటర్లు. పండు 20 మీటర్లు 40 సెకన్లలో పోతే పైనీటి వేగం సెకనుకు 0.5 మీటరు. అడుగున నీళ్లు నెమ్మదిగా పోతాయి కాబట్టి 0.85తో గుణించాలి, రాళ్లెక్కువైతే 0.8తో. 3.2 × 0.5 × 0.85 = సెకనుకు 1.36 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 48 క్యూసెక్కులు. ఇలాంటి పారుదల రోజంతా ఉన్నా టీఎంసీలో రెండువందల నలభయ్యో వంతే. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ.

మోకాలి లోతు దాటి వేగంగా పారుతుంటే వాగులోకి దిగకండి. వంతెన మీంచి వేగం కొలిచి, లోతు వరద తగ్గాక తీసుకోండి.

ఇక్కడ చినుకు లేదు, వాగు మాత్రం ఒక్కసారిగా పొంగింది. ఎలా?

వాన పైన పడింది, వరద ఇప్పుడు మీ దగ్గరికి చేరింది, అంతే. నల్లమల తూర్పు వాలు నిటారుగా ఉంటుంది. రాయి గట్టిది, మన్ను పలచన. కంభం, మార్కాపురం చుట్టూ ఉన్నది పలకరాయి. బడిపిల్లల పలకలు తీసిన రాయి ఇదే. ఇది చివికితే సన్నని బంకమన్నవుతుంది, నీరు అందులోకి నెమ్మదిగా ఇంకుతుంది. అందుకే కుండపోత వానలో ఎక్కువ భాగం వెంటనే పారిపోతుంది.

నీళ్లు ఒక్కసారిగా ఎర్రబడటం, ఎండుటాకులు, పుల్లలు తేలి రావడం, ఎగువ నుంచి హోరు వినబడటం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఇసుకలోంచి బయటికి రావాలి, పశువులను తోలుకు రావాలి. చప్టా మీద అడుగు ఎత్తు నీళ్లు చిన్న కారును తేల్చగలవు, రెండడుగులు చాలా వాహనాలను తోసుకుపోగలవు. బురదనీటి కింద చప్టా తెగి ఉన్నా కనబడదు. ఇవాళ దాటినవాడు బతికాడని రేపు దాటకూడదు.

ఎండాకాలం ఇసుకలో చెలమ తీస్తే నీళ్లెలా ఊరుతాయి?

పైన ఎండిన నది కింద ఇంకా పారుతూనే ఉంటుంది, చాలా నెమ్మదిగా. చెలమ తీసేటప్పుడు చూడండి. పైన జానెడు ఇసుక తెల్లగా, వేడిగా ఉంటుంది. కిందికి పోతే రంగు ముదిరి, పిడికిట్లో పట్టుకుంటే ముద్దవుతుంది. ఇంకో మూరెడు తవ్వితే గుంట అడుగున పక్కల నుంచి నీరు చెమర్చి, మొదట మడ్డిగా చేరుతుంది. రెండుసార్లు తోడి పారబోస్తే మూడోసారి తేటగా ఊరుతుంది. గుంట గోడలు కూలకుండా వాలుగా తీయాలి, నిటారుగా తీస్తే ఇసుక జారి పూడుతుంది.

ఇసుకలో రేణువుల సందులే నీటి కొట్టు. 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల మందం తడి ఇసుకలో ఐదో వంతు నీరు వదులుతుందనుకున్నా 2,000 ఘనపు మీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు. ఆ ఇసుక తీసుకుపోతే నీళ్లూ పోయినట్టే. పైగా అడుగున బంకమన్ను బయటపడితే కొత్త వరద ఇంకదు, పక్క బావుల మట్టం కొత్త నది అడుగుకు దిగిపోతుంది. లోతుగా తవ్విన గుంత ఎగువకు కోసుకుంటూ పోయి వంతెన స్తంభాల మొదళ్లు బయటపెడుతుంది. వంతెనలు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదన్న నిబంధన ఊరికే పెట్టింది కాదు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రజా తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయడానికీ లేదు. ఈ రెండూ గ్రామసభలో గట్టిగా అడగదగ్గ విషయాలు.

పైన ఎండిపోయిన నదిలో దిగువన నీళ్లు ఎందుకు కనిపిస్తాయి?

నాగార్జునసాగర్ కుడి కాలువ గుండ్లకమ్మను దాటి దర్శి వైపు పోతుంది. ఆ ఆయకట్టులో వరి పొలాల నుంచి జారిన నీరు, కాలువల ఊట వాగుల ద్వారా నదికి చేరతాయి. అంటే దిగువన మీరు చూసే నీటిలో కొంత నల్లమలది కాదు, కృష్ణది. కాలువ మూసిన నెలల్లో అది తగ్గుతుంది. గుండ్లకమ్మలో నీరుంది కదా అని ఎగువ లెక్కను దిగువ చూసి వేస్తే పప్పులో కాలేసినట్టే.

వెలిగొండ ప్రాజెక్టు వస్తే పరీవాహకం మారుతుందా?

పరీవాహకం మారదు, నీటి లెక్క మారుతుంది. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా 43.5 టీఎంసీలు తెచ్చి నల్లమల సాగర్‌లో నింపాలన్నది ప్రణాళిక. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు కొండసందులను మూసి ఆ జలాశయం కట్టారు. కంభం చెరువు కట్టినవాళ్లు వాడిన సూత్రమే, కొలతే పెద్దది. ఆ సందుల గుండా ఒకప్పుడు దిగిన వాగులు గుండ్లకమ్మవే.

చెక్‌డ్యాము కట్టాం. రెండో వానకే పక్క నుంచి కోసుకుపోయింది.

గోడను ఒడ్డులోకి దూర్చలేదు. రెండు పక్కలా కనీసం మీటరు లోపలికి గట్టి మన్ను తగిలేదాకా పోవాలి. గోడ మధ్యభాగం పక్కల కన్నా తక్కువ ఎత్తులో ఉండాలి, అప్పుడే నీళ్లు మధ్య నుంచి దూకుతాయి. అంతా ఒకే మట్టంలో కడితే నీళ్లు మెత్తని ఒడ్డునే వెతుక్కుంటాయి. దూకిన చోట గుంత పడకుండా ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల పొడవున రాళ్లు పరవాలి. పునాది ఇసుక మీదే ఆపేస్తే కింద నుంచి నీళ్లు జారి బుంగ పడుతుంది.

వరుసగా కట్టేటప్పుడు కింది దాని పైమట్టం పై దాని అడుగుకు సమంగా రావాలి. వాలు నూటికి 2, ఎత్తు మీటరు అయితే దూరం 50 మీటర్లు. అన్నిటికన్నా ముఖ్యం, పైన కొండ మీద కందకాల పని చేయకుండా కింద కట్టవద్దు. రెండు మూడేళ్లలో పూడికతో నిండిన కట్టలు చాలావరకు అలా కట్టినవే.

కొండ మీద కందకాలు మట్టంగా తీయడానికి సర్వేయరు కావాలా?

అక్కర్లేదు. రెండు మీటర్ల కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారంతో రాయి వేలాడదీయండి. రెండు కాళ్లనూ నేల మీద పెట్టి దారం అడ్డకర్రను తాకిన చోట గీటు పెట్టండి. కాళ్లు తారుమారు చేసి అవే చోట్ల పెట్టి మళ్లీ గీటు పెట్టండి. రెండు గీట్ల నడిమధ్యే మట్టం. ఇక ఒక కాలు నిలిపి, రెండోదాన్ని దారం మధ్య గీటు మీదికి వచ్చేదాకా జరుపుతూ కొండ వెంట పోండి, ప్రతి కాలి దగ్గరా మేకు కొట్టండి. గాలి ఉన్నప్పుడు రాయి ఊగుతుంది, పొద్దున్నే చేసుకోండి.

60 సెంటీమీటర్ల వెడల్పు, 60 లోతున 10 మీటర్ల కందకం 3.6 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. తీసిన మన్ను దిగువ పక్కన, అంచుకు జానెడు ఎడంగా వేయాలి. అంచు మీదే వేస్తే తొలి వానకే లోపలికి జారుతుంది. మట్టం కొంచెం తప్పినా నీరంతా ఒక మూలకు చేరి అక్కడే తెంపుతుంది.

గుండ్లకమ్మ మీది మల్లవరం రిజర్వాయరు గేట్లు పోయినప్పుడు నీళ్లెందుకు నిలవలేదు?

అలుగున్న కట్టకూ గేట్ల ఆనకట్టకూ ఉన్న తేడా అది. కంభం కట్టకు అలుగు రాయే మట్టం. మల్లవరంలో నిల్వ ఎక్కువగా గేట్ల మీదే ఆధారపడింది. 2022లో ఒకటి, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. ఒక్క గేటు పోయినా నీటిమట్టం గేటు అడుగుదాకా దిగాల్సిందే, మిగతావన్నీ బిగించి ఉన్నా లాభం లేదు. ఇనుప గేటుకు ఏటా తుప్పు గోకి రంగు వేయడం, తాళ్లకు గ్రీజు పట్టించడం, రబ్బరు సీళ్లు మార్చడం జరగాలి. ఇవి వేసవిలో, నీళ్లు తక్కువున్నప్పుడే అయ్యే పనులు. ఆయకట్టు రైతులు మే నెలలోనే వెళ్లి అడగాలి.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఫిల్టర్ పాయింట్ (ఇసుకలో దించే లోతు తక్కువ గొట్టపు బావి) నీరు ఉప్పగా మారుతోంది. ఏం చేయాలి?

తీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. మంచినీటి మట్టం సముద్రమట్టానికి పైన ఒక మీటరు ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరుంటుందన్నది స్థూల లెక్క. ఆ మీటరు అరమీటరయితే 40 కాస్తా 20. అందుకే లోతుగా దించడం తప్పు వైద్యం. పాయింట్లు పైపైనే, దూరదూరంగా వేసి, తక్కువ హార్స్‌పవర్ మోటారుతో ఆపి ఆపి తోడాలి. ఏటిపాయలోకి పోటు ఎక్కే చోట్ల ఒడ్డు పక్క బావి ముందు చెడుతుంది.

మా ఊరి నుంచి ఏ రికార్డు మొదలుపెట్టాలి?

బావి మట్టం. ఏడాదికి నాలుగుసార్లు, జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో, పొద్దున మోటారు వేయకముందు కొలవండి. బావి ఒర రాయి మీద రంగుతో ఒక గీటు పెట్టి ఎప్పుడూ అక్కడి నుంచే టేపు దించండి, నేల మీంచి ఆ గీటు ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి. టేపు చివర చిన్న బరువు కట్టి, కొసకు సుద్ద రాస్తే తడిసిన గుర్తు స్పష్టంగా కనబడుతుంది. పక్కనే వానమాపకం లెక్క కూడా రాయండి, రోజూ ఉదయం 8:30కి. నోటుబుక్కు పంచాయతీలో పెట్టి, ప్రతి పేజీ కింద కొలిచినవారి సంతకం పెట్టించండి.